సూదికీ సూదికీ మధ్య దారి

కామెరూన్ దేశపు వాయవ్య ప్రాంతంలో కుంబో అనే కొండ ఊరు ఒకటి ఉంది. సముద్రమట్టానికి దాదాపు 2,000 మీటర్ల ఎత్తున, చల్లని గాలిలో, మొక్కజొన్న చేల నడుమ, పశువులు మేసే పచ్చిక కొండల మధ్య ఉన్న ఊరు అది. అక్కడ బాన్సో బాప్టిస్టు ఆసుపత్రి అనే పెద్ద వైద్యాలయం కలదు. చుట్టుపక్కల పల్లెల నుండి ఆ ఆసుపత్రికి చేరే ఎర్రమట్టి దారులు వానాకాలమంతా బురదే. మోటారు సైకిలు వెనుక కూర్చుని, తరువాత కిక్కిరిసిన అద్దె కారు ఎక్కి, కొంత దూరం కాలినడకన సాగి తల్లులు తమ పిల్లలను అక్కడికి తీసుకువస్తారు.

ఆ పిల్లలలో కొందరికి వచ్చే వ్యాధి పేరు బర్కిట్ లింఫోమా. సాధారణంగా నాలుగేళ్ళు మొదలు ఎనిమిదేళ్ళ లోపు వారికి, అందులోనూ మగపిల్లలకు ఎక్కువగా వస్తుంది. మొదట దవడ కొంచెం ఉబ్బుతుంది. పిప్పిపన్ను అనుకుంటారు. ఆకు పసరు పూస్తారు, నాటువైద్యుని వద్దకు వెళతారు. ఇంతలో పళ్ళు కదలడం ప్రారంభిస్తాయి, ఒక కన్ను ముందుకు పొడుచుకు వస్తుంది. మరికొందరికి పొట్ట కుండలా ఉబ్బుతుంది. మానవ శరీరంలో పెరిగే కణితులలో ఇంతటి వేగం గలవి అరుదు. ఒకటి రెండు రోజులలోనే దాని కణాలు రెట్టింపు కాగలవు. అంటే ఆ తల్లి దారి ఖర్చుల కోసం వారం రోజులు అప్పు వెతుక్కుంటే, ఆ వారంలో పిల్లవాని ముఖమే మారిపోతుంది.

ఎక్కడి కామెరూన్, ఎక్కడి మా నంద్యాల అని పాఠక సోదర సోదరీమణులు అడగవచ్చు. ఈ వ్యాధి పేరును మేము మొదటిసారి విన్నది 2012లో, హైదరాబాదులోని ఒక ఆసుపత్రి వరండాలో. మా చెల్లెలి కుమారునికి అప్పుడు ఆరేళ్ళు. వానికి రక్త కేన్సరు అని తేలింది. పిల్లల వార్డులో పనిచేసే ఒక యువ వైద్యుడు, మాకు ధైర్యం చెప్పదలచి కాబోలు, పిల్లల కేన్సరు పెద్దల కేన్సరు వంటిది కాదని, మందుకు చాలావరకు లొంగుతుందని వివరిస్తూ ఆఫ్రికా పిల్లల ఈ వ్యాధిని ఉదాహరణగా చెప్పాడు. ఒక్క మందుతో, అదీ చవక మందుతో, సగం మంది బతికే కేన్సరు ఉందంటే మేము నమ్మలేదు. ఇంటికి వచ్చాక చదివాము. చదువుతూ ఉన్నకొద్దీ మా చెల్లెలి కుటుంబం తిరిగిన దారే అక్కడా కనిపించసాగింది.

ఈ వ్యాధిని లోకానికి తెలియజేసినవాడు డెనిస్ బర్కిట్ అనే ఐర్లాండు శస్త్రవైద్యుడు. బాల్యంలోనే ఒక కన్ను కోల్పోయినవాడు, మతనిష్ఠ గల క్రైస్తవుడు. 1957లో ఉగాండా రాజధాని కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో, దవడ రెండు పక్కలా, పైనా కిందా ఉబ్బిన ఒక బాలుని ఆయనకు చూపించారు. కొద్ది రోజులకే మరొక ఊరి ఆసుపత్రిలో అటువంటి బిడ్డే కిటికీ బయట కనిపించాడు. 1961లో ఆయన, ఇద్దరు వైద్య మిత్రులు కలిసి ఒక పాత ఫోర్డు బండి వేసుకుని పది వారాలలో పదివేల మైళ్ళు తిరిగారు. యాభైకి పైగా ఆసుపత్రులకు వెళ్ళి, ఈ ఫొటోలోని జబ్బు మీ వద్ద కనిపిస్తుందా అని అడగడం, అవునంటే పటంలో గుర్తు పెట్టుకోవడం, ఇదే వారి పరిశోధన. వేడి, వాన, దోమ ఎక్కడ కలిసి ఉన్నాయో అక్కడే ఈ కేన్సరు ఉంది. పసితనంలో సోకే ఒక వైరస్, దానికి తోడు ఏడాది పొడవునా వదలని మలేరియా దీనికి కారణాలని తరువాత తేలింది. ఆ వైరస్‌ను 1964లో లండనులో కనుగొన్నవారిలో ఒకరైన ఎప్‌స్టీన్, అంతకు మూడేళ్ళ ముందు బర్కిట్ ఉపన్యాసం విన్న శ్రోత. మనిషి కేన్సరుతో సంబంధం ఉన్నట్టు తెలిసిన మొదటి వైరస్ అదే.

చికిత్స విషయానికి వద్దాము. దక్షిణాఫ్రికాకు చెందిన పీటర్ హెస్సెలింగ్ అనే పిల్లల వైద్యుడు, మలావీ, కామెరూన్ వైద్యులతో కలిసి, పేద ఆసుపత్రులలో చేయదగిన 28 రోజుల పద్ధతి ఒకటి రూపొందించాడు. సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు మొదటి రోజు, ఎనిమిదవ రోజు, పద్దెనిమిదవ రోజు, ఇరవై ఎనిమిదవ రోజు. దానితోపాటు వెన్నులోకి ఎక్కించే మందు. ఈ మందుల ఖరీదు మొత్తం 50 అమెరికన్ డాలర్ల లోపే. దీనితో దాదాపు సగం మంది పిల్లలు బతికి బట్టకట్టారు. ధనిక దేశాలలో ఇంకా బలమైన మందులతో పదిమందిలో తొమ్మిది మంది వరకు బతుకుతారు. అయితే అంత బలమైన మందులకు రక్తనిధి, ప్రత్యేక వార్డు, రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని ఉండే నర్సులు కావాలి. అవి లేనిచోట బలమైన మందే పిల్లవాణ్ణి చంపుతుంది. అందుకే అక్కడి వైద్యులు తమ ఆసుపత్రి మోయగలిగినంత మందే ఎంచుకున్నారు. ఇందులో రాజీ ఉంది, వివేకమూ ఉంది.

మందుల మాట వచ్చింది గనుక ఒక చిన్న ముచ్చట. పిల్లల కేన్సరులో విరివిగా వాడే విన్‌క్రిస్టిన్ అనే మందు మన పెరళ్ళలో పూచే బిళ్ళగన్నేరు నుండి వచ్చినదే. ఆ మొక్క పుట్టిల్లు ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ ద్వీపం. ఎప్పుడో అక్కడి నుండి మన పెరటికి వచ్చింది. ఇప్పుడు ఆఫ్రికా దేశాలు కొనే జెనరిక్ మందులలో పెద్ద భాగం మన దేశంలో తయారవుతోంది, అందులో హైదరాబాదు చుట్టుపక్కల కర్మాగారాల వాటా తక్కువేమీ కాదు. మా మేనల్లునికి ఎక్కించిన సూది మందు ఏ కర్మాగారానిదో మేము చూడలేదు గాని, ఆసుపత్రి నుండి వచ్చాక మా అమ్మ పెరట్లోని బిళ్ళగన్నేరుకు రోజూ నీళ్ళు పోయడం మొదలుపెట్టింది.

ఇక అసలు చిక్కు మందు పడిన తరువాత మొదలవుతుంది. బర్కిట్ కణితి ఎంత వేగంగా పెరుగుతుందో, మందు పడగానే అంత వేగంగా కరుగుతుంది. మొదటి సూది వేసిన కొద్ది రోజులలోనే ఉబ్బిన దవడ తగ్గి, మూసుకున్న కన్ను తెరుచుకుని, వారం క్రితం ఏమీ మింగలేని బిడ్డ తిండి అడుగుతాడు. తల్లి కళ్ళారా చూస్తుంది. తన బిడ్డ బాగయ్యాడు. ఇంటి దగ్గర ఇంకా ముగ్గురో నలుగురో పిల్లలు ఉన్నారు. చేను దున్నాలి, వాన పడింది, విత్తనం ఈ వారం వేయకపోతే ఏడాదంతా పస్తు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ తన తిండి తానే వండుకోవాలి, కట్టెలు కొనాలి. వచ్చేటప్పుడు అమ్మిన మేక డబ్బు అయిపోయింది. ఎదురుగా బిడ్డ ఆడుకుంటున్నాడు. అటువంటప్పుడు పద్దెనిమిదవ రోజు మళ్ళీ రమ్మంటే ఎందుకు రావాలో ఆమెకు ఎవరు చెప్పాలి, ఏ మాటలతో చెప్పాలి?

కంటికి కనబడని కణాలు కొన్ని మిగిలే ఉంటాయి. రెండు మూడు నెలలకు కణితి తిరిగి వస్తుంది. ఈసారి మందుకు మునుపటిలా లొంగదు. వైద్యులు దీనిని చికిత్స మధ్యలో మానివేయడం అంటారు. మాకు ఆ మాట నచ్చదు. ఆ తల్లి ఏదీ మానివేయలేదు. ఆమె చేతనైనంత చేసి, చేతిలోని చివరి పైసా దారికి పోసి, ఇక దారి లేక ఆగింది.

మా ఇంటిలోనూ సరిగ్గా ఇదే ఘట్టం వచ్చింది. రక్త కేన్సరు చికిత్స రెండున్నర, మూడేళ్ళు సాగుతుంది. కానీ మొదటి నెల తిరిగేసరికే పరీక్షలో చెడు కణాలు కనిపించడం లేదన్నారు. మా మరిది గారి తండ్రి, దైవభీతి గల మంచి మనిషి, అల్ హమ్దులిల్లాహ్ అని షుక్రానా నమాజు చేసి, ఇక పిల్లవాణ్ణి ఇంటికి తీసుకువద్దామన్నారు. అల్లాహ్ నయం చేశాక ఇంకా విషం ఎక్కించడం ఎందుకు అన్నది ఆయన ప్రశ్న. ఒంటెను కట్టిన తరువాతే దైవంపై భరోసా ఉంచమన్న దైవప్రవక్త (సల్లం) వారి బోధను ఆయనకు గుర్తు చేసింది మా అమ్మ. తాడు ఇంకా కట్టడం పూర్తి కాలేదు భాయీసాబ్, సగం ముడిలో ఉంది అన్నది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మరునాడు తానే బస్సు టికెట్టు తెచ్చారు.

మందుల ఖర్చు చాలావరకు ఆరోగ్యశ్రీ భరించింది, దానికి మేము ప్రభుత్వానికి కృతజ్ఞులము. కానీ ఆసుపత్రి ఎదుటి సందులో గది అద్దె, మూడు పూటల భోజనం, మధ్యమధ్య జ్వరం వచ్చినపుడు అర్ధరాత్రి పరుగెత్తిన ప్రయాణాలు ఏ పథకంలోనూ లేవు. మా మరిది మెకానిక్. షెడ్డు తెరవని రోజు ఆదాయం లేదు. మూడు నెలలకు షెడ్డే చేయి జారింది. ఆ రోజులలో మసీదు వీధిలోని ఒక కిరాణా వ్యాపారి ప్రతి ప్రయాణానికి ముందు రోజు ఇషా నమాజు తరువాత మా చెల్లెలి మామగారి చేతిలో ఒక కవరు పెట్టేవాడు. అందులో రానుపోను చార్జీలు, రెండు రోజుల భోజనానికి సరిపడా డబ్బు. ఒక్కసారి కూడా పిల్లవాణ్ణి చూడటానికి రాలేదు, ఎవరికీ చెప్పలేదు. చికిత్స పూర్తి అయ్యేదాకా ఆ కవరు ఆగలేదు.

కామెరూనులో ఆ కవరు పని చేస్తున్నవి కొన్ని చిన్న స్వచ్ఛంద సంస్థలు. అందులో ఒకటి బెరిల్ థయ్యర్ స్మారక ఆఫ్రికా ట్రస్టు. బ్రిటనులో నమోదైన చిన్న ట్రస్టు అది. బాన్సోతో పాటు ఎంబింగో, ముటెంగెనే అనే ఊళ్ళలోని బాప్టిస్టు ఆసుపత్రులలో పిల్లల కేన్సరు చికిత్సకు అది తోడ్పడుతూ వచ్చింది. ఇటువంటి సంస్థలు చేసే పనిని పరిశీలిస్తే ఘనంగా చెప్పుకోదగినది ఏదీ కనిపించదు. మందు కొని పెట్టడం. తల్లికి తిరుగు చార్జీ ఇవ్వడం. వార్డులో ఉన్నన్నాళ్ళు తల్లికీ బిడ్డకూ భోజనం చూడటం. ప్రతి బిడ్డ పేరు, ఊరు, తండ్రి ఫోను నంబరు, పక్కింటివారి ఫోను నంబరు పుస్తకంలో రాసుకోవడం. అనుకున్న రోజుకు రాకపోతే ఫోను చేయడం, ఫోను కలవకపోతే నర్సు మోటారు సైకిలు మీద ఆ పల్లెకు వెళ్ళి వెతకడం. ఈ కణితి తిరిగి వస్తే చాలావరకు మొదటి ఏడాదిలోనే వస్తుంది గనుక, ఏడాది పాటు ఆ పిల్లవాని పొట్ట, మెడ, దవడ తడిమి చూసేవారు ఉండాలి. ఏడాది దాటితే ధైర్యంగా బతికాడని రాసుకోవచ్చు.

ఈ పనులకు ఫొటో లేదు. మన సమాజంలోనూ దాతలకు కొరత లేదు. అయితే మనకు భవనం కావాలి, భవనం మీద పాలరాతి ఫలకం కావాలి, ఫలకం మీద తాతగారి పేరు కావాలి. బస్సు టికెట్టు మీద ఎవరి పేరూ చెక్కలేము. ఈ మాట కొంచెం కటువుగా ఉంటే పాఠకులు మన్నించాలి. ఆసుపత్రి వరండాలో గడిపిన వారికి ఇది కటువుగా తోచదు.

ఇప్పుడు ఆ ప్రాంతంలో దారి మరింత కఠినమైంది. 2016 చివరిలో ఇంగ్లీషు మాట్లాడే వాయవ్య, నైరుతి ప్రాంతాలలో న్యాయవాదులు, ఉపాధ్యాయులు మొదలుపెట్టిన నిరసన మరుసటి ఏడాదికి సాయుధ పోరాటంగా మారింది. సోమవారం వస్తే అంగళ్ళు మూత, బళ్ళు మూత, రోడ్డు మీద వాహనం ఉండదు. నిర్మానుష్య దినం అని ఆ రోజుకు పేరు. 28 రోజుల చికిత్సను ఆ క్యాలెండరు మీద పెట్టి చూడండి. మొదటి సూది శుక్రవారం వేస్తే ఎనిమిదవ రోజు కూడా శుక్రవారమే, బాగానే ఉంటుంది. పద్దెనిమిదవ రోజు సోమవారం అవుతుంది. ముందే వచ్చి వార్డులో ఉండాలి, అంటే మరి రెండు రోజుల తిండి, మరి రెండు రోజులు చేను వదలడం. దారిలో ఎవరు ఆపుతారో, ఏమి అడుగుతారో తెలియదు. యుద్ధానికీ కేన్సరుకూ సంబంధం ఏమిటని అనిపించవచ్చు. రెండు పల్లెల మధ్య దారి మూతపడితే చాలు, సంబంధం ఏర్పడుతుంది.

మా ఇంటిలో రమజాన్ నెలలో జకాత్ లెక్క చూసే రాత్రి ఈ విషయం చర్చకు వచ్చింది. మా పెద్ద అక్కయ్య కుమారుడు బర్మింగ్‌హామ్‌లో ఉంటాడు. ఇక్కడి నుండి పరదేశానికి సొమ్ము పంపడం మాబోటివారికి సులభం కాదు గనుక, అక్కడే ఉన్న అతడు నెలకు కొంత ఇటువంటి సంస్థకు ఇస్తానన్నాడు. వెంటనే ఇంటిలో రెండు ప్రశ్నలు లేచాయి. అవి క్రైస్తవ మిషనరీల ఆసుపత్రులు కదా అన్నది మొదటిది. మన ఊరిలోనే ఇంతమంది ఉండగా అంత దూరం ఎందుకు అన్నది రెండవది.

మొదటి ప్రశ్నకు మేము తెలుసుకున్నది ఇది. ఆ కొండలలో బొరోరో అనే ఫులానీ పశుపాలకులు తరతరాలుగా ఉన్నారు, వారు ముస్లిములు. బిడ్డకు జబ్బు చేస్తే వారు వెళ్ళగలిగినవీ ఆ ఆసుపత్రులే. అది అలా ఉంచి, జకాత్ విషయంలో అది ముస్లిములకే చెందాలని పండితులలో అధిక సంఖ్యాకులు చెబుతారు. కనుక జకాత్ సొమ్మును దానిలో కలపలేదు. సదకాకు ఆ హద్దు లేదు, ఆకలిగొన్న ప్రాణి ఏ మతానిదో అడగనవసరం లేదు. అక్కయ్య కుమారుడు ఇచ్చేది సదకా నుండే.

రెండవ ప్రశ్న మాత్రం మమ్మల్ని ఆలోచింపజేసింది. దగ్గరి వారిదే తొలి హక్కు అన్నది నిజం. దివ్య ఖుర్ఆన్ జకాత్ కోసం నిర్దేశించిన ఎనిమిది పద్దులలో నిరుపేదలు, అగత్యపరులతో పాటు రుణగ్రస్తులు ఉన్నారు, బాటసారులూ ఉన్నారు. చిన్ననాడు మదర్సాలో కంఠస్థం చేసినపుడు బాటసారి అంటే ఎడారిలో దారి తప్పిన ఒంటెల వర్తకుడే మా కళ్ళ ముందు కదిలేవాడు. ఇప్పుడు నంద్యాల బస్టాండులో రాత్రి పదకొండు గంటలకు, తలపై వెంట్రుక లేని పిల్లవాణ్ణి ఒడిలో పెట్టుకుని, హైదరాబాదు బస్సు కోసం ఎదురుచూసే తల్లి కనబడుతుంది. ఆమె రుణగ్రస్తురాలు, బాటసారి కూడా. రాయలసీమ జిల్లాల నుండి అలా వెళ్ళేవారు నేటికీ ఉన్నారు. కిరాణా వ్యాపారి గారి పేర, ఆయన అనుమతి లేకుండానే, మేము ఒక పద్దు తెరిచాము. మసీదు కమిటీకి కాకుండా నేరుగా టికెట్టుకు, గదికి ఇచ్చే పద్దు. బర్మింగ్‌హామ్ సొమ్ము కామెరూనుకు, నంద్యాల జకాత్ నంద్యాలకు. ఒకటి రెండవదానిని తగ్గించలేదు. నిజానికి కుంబో గురించి చదివి ఉండకపోతే మాకు బస్టాండు కనబడేది కాదేమో.

సగం మంది బతికారని పైన రాశాము. మిగిలిన సగం గురించి రాయకుండా ఉండలేము. ప్రపంచంలో ఏటా సుమారు 4 లక్షల మంది పిల్లలకు, కౌమార వయస్కులకు కేన్సరు వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. సంపన్న దేశాలలో నూటికి 80 మందికి పైగా నయమవుతుండగా, పేద దేశాలలో 30 మంది కూడా నిలవడం లేదు. 2030 నాటికి నూటికి 60 మందినైనా కాపాడాలని ఆ సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది. అంతవరకూ, ఆ తరువాతా, బతకని పిల్లలు ఉంటారు. ఆలస్యంగా వచ్చిన వారు, తిరిగి వచ్చిన కణితి మందుకు లొంగనివారు. వారిని ఇంటికి పంపేటప్పుడు నొప్పి తెలియకుండా మార్ఫిన్ ద్రావణం సీసాలో పోసి ఇస్తారు. సీసా అయిపోయేలోపు నర్సు మళ్ళీ వెళ్ళాలి. అదే మోటారు సైకిలు, అదే దారి, అదే పెట్రోలు ఖర్చు.

బర్మింగ్‌హామ్ అబ్బాయి మొదట తన సొమ్ము నయమయ్యే పిల్లలకే చెందాలని సంస్థవారికి రాయబోయాడు. ఫలితం ఉన్నచోట పెట్టడం మేలు కదా ఖాలా అన్నాడు ఫోనులో. అతనిది చెడు ఆలోచన కాదు, లెక్క తెలిసిన పిల్లవాడు. మా అమ్మ ఫోను తీసుకుంది. నాయనా, ఆ సీసా నీది అనుకో అన్నది. అతడు కొంతసేపు ఊరుకుని, షరతు ఏమీ పెట్టకుండా పంపాడు.

ఈ రమజాన్ లెక్క ఇంకా ముగియలేదు. బస్సు చార్జీలు పెరిగాయి, ఆసుపత్రి ఎదుటి సందులో గది అద్దె కూడా పెరిగింది. నంద్యాల పద్దులో ఇప్పుడు నాలుగు కుటుంబాలు ఉన్నాయి. ఆళ్ళగడ్డ వైపు నుండి ఐదవ కుటుంబం గురించి నిన్న కబురు వచ్చింది. పాపకు ఏడేళ్ళట, ఒక సూది పడిందట, రెండవ దానికి వచ్చే గురువారం వెళ్ళాలట.